ఎనిమిది మార్కుల ప్రశ్న

గవ్వలపేట హైస్కూలు జిల్లాలో ఫస్టు వచ్చింది. లెక్కల్లో కాదు, సైన్సులో కాదు, ఇంగ్లీషులో అసలే కాదు. మీడియా సబ్జెక్టులో. సముద్రం గాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టి రాలిపోయే బడికి జిల్లా ఫస్టు రావడమంటే మాటలా! హెడ్మాస్టరుగారు ప్రార్థన వేళ ఆ కాగితాన్ని మైకులో రెండుసార్లు చదివి, సబ్జెక్టు చెప్పే ఇందుమతి టీచరుకి శాలువా కప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇందుమతికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ సబ్జెక్టు వచ్చి మూడేళ్ళయింది. దొంగ వీడియోలు పెచ్చుమీరిపోయి, చచ్చిపోయినవాళ్ళు మాట్లాడుతూ, బతికున్నవాళ్ళు అనని మాటలంటూ ఉంటే, పిల్లలకి అబద్ధాన్ని పసిగట్టడం బడిలోనే నేర్పాలని పెద్దలు తీర్మానించారు. మంచిదే కదా అనుకుంది ఇందుమతి. సోషల్ చెప్పుకుంటున్న ఆవిడ నెత్తిన దీన్ని కూడా పెట్టారు. ఒక పాఠ్యపుస్తకం, వారం వారం విశాఖపట్నం ల్యాబు నుంచి వచ్చే వీడియోలు, ఒక అట్టపెట్టె నిండా నుదుటికి కట్టుకునే పట్టీలు. పెట్టె మీద 'సంశయమాపకం' అని రాసి ఉంది. పిల్లలు ఒక్క పూటలో దాని పేరు డౌటు పట్టీగా మార్చేశారు.

మనసులో అనుమానం తొంగిచూడగానే పట్టీ మీద చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. 'నాకు డౌటొచ్చింది' అని పిల్లకి తెలిసేలోపే దీపానికి తెలుస్తుంది. వీడియోలో ఏ క్షణాన వెలిగిందో ల్యాబుకి చేరిపోతుంది.

ముప్పై ఎనిమిది మందిలో మైలపిల్లి నూకరత్నం దీపం అందరికంటే ముందు వెలిగేది. ఒకసారి ఎండుచేపలమ్మే మనిషి సంతలో గోడు వెళ్ళబోసుకుంటున్న వీడియో వేస్తే, నాలుగో సెకనుకే వెలిగింది.

"ఏం కనబడిందే రత్నం?"

"బుట్ట దించి, సేత్తో మొహం తుడుసుకుంది టీచర్. సేపలు పట్టిన సెయ్యి మొహానికి ఎవురెట్టుకుంతారు? మా అమ్మయితే మోసేత్తో తుడుసుకుంతాది."

"శభాష్. రాయి. అదొక పాయింటు."

పాయింటు! ఇందుమతి పాతికేళ్ళ సర్వీసంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. సైడు హెడ్డింగు పెట్టు, కింద గీత గియ్యి, పాయింటుకి ఒక మార్కు. మీడియా పేపర్లో ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటుండేది. 'పై వీడియోలో నీకు అనుమానం కలిగించిన అంశాలేవి? ఏ మార్పులు చేస్తే అది నమ్మదగినదిగా ఉండేది?' మొదటి సగానికి నాలుగు, రెండో సగానికి నాలుగు. పిల్లలు మొదటి సగం దంచేసి రెండోది వదిలేస్తుంటే ఇందుమతి కసిరేది. "ఇంట్లో మీవాళ్ళని చూసి రాయండర్రా. గైడులో లేని పాయింటుకి మార్కు తప్పకుండా పడుతుంది. మీ అయ్య ఎలా మాట్లాడతాడో మీకు తెలీదూ?" అనేది. రాశారు. ప్రతి జవాబుపత్రాన్నీ ఆవిడే శ్రద్ధగా ల్యాబువాళ్ళ యాప్‌లో ఫొటో తీసి పంపేది, తన ఫోనులో ఏదీ మిగిలేది కాదు. అదొక రూలు.

రత్నం తండ్రి ఎర్రయ్య మత్స్యకారుల సంఘానికి అధ్యక్షుడు. ఊరికి ఉత్తరాన మందుల ఫ్యాక్టరీ ఒకటి తన మురుగునీళ్ళని పైపు వేసి సముద్రంలోకి వదలాలని చూస్తోంది. ఆ పైపు వస్తే ఒడ్డున చేప మిగలదని ఎర్రయ్య రెండేళ్ళుగా ఊరూరూ తిరిగి చెబుతున్నాడు. ప్రభుత్వం వాళ్ళు ప్రజాభిప్రాయ సేకరణకి తేదీ వేశారు, హైస్కూలు మైదానంలోనే. తొమ్మిది ఊళ్ళ తరఫున మాట్లాడవలసింది ఎర్రయ్యే.

దానికి తొమ్మిది రోజుల ముందు, ఒక సోమవారం పొద్దున్న, ఊళ్ళో అన్ని ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది.

పడవ నీడలో ఎర్రయ్య కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఫ్యాక్టరీ మనిషి వీపు కనబడుతోంది. ఎర్రయ్య కాలి బొటనవేలితో ఇసుకలో గీతలు గీస్తూ, గొంతు తగ్గించి అంటున్నాడు: "ఆళ్ళకేటి తెలుసు బావూ, గొర్రెలు. నానెటు తోల్తే అటెల్తారు. పైపు ఎయ్యండి, ఆళ్ళని నాను సూసుకుంతాను. గంగమ్మ సాచ్చి."

మంగళవారం ఇందుమతి తరగతిలో అడుగుపెట్టేసరికి పిల్లలు అప్పటికే పట్టీలు కట్టుకుని ఆ వీడియోనే గోడ మీది తెరపై వేసుకుని చూస్తున్నారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి. నేర్చుకున్న విద్య కదా! ముప్పై ఎనిమిది నుదుళ్ళు. ఒక్క దీపం వెలగలేదు. మూడో బెంచీలో రత్నం తండ్రిని కళ్ళార్పకుండా చూస్తోంది. ఆమె పట్టీ కూడా వెలగలేదు.

ఇందుమతి తెర ఆపేసి, పుస్తకం తీయమంది. నిజమేనేమో అనుకుంది ఆవిడ కూడా. అనుకుందనే చెప్పాలి, దాచిపెట్టి ఏం లాభం?

మధ్యాహ్నానికి ఊరంతా పాకిపోయింది. "సొంత కూతురి పట్టీయే ఎలగలేదంటగదా!" అన్నారు. వీడియోని నమ్మనివాళ్ళు పట్టీని నమ్మారు. సాయంత్రం ఊరి పెద్ద సూరాడ అప్పన్న ఎర్రయ్యని పిలిపించి, రేపట్నుంచి ఎవరి పడవా ఎక్కొద్దన్నాడు. ముప్పై ఏళ్ళుగా కలిసి వల లాగినవాళ్ళు తలలు పక్కకి తిప్పుకున్నారు. ఇంట్లో రత్నం కంచం తండ్రి ముందు పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయింది. "నాననలేదే గుంటా" అన్నాడట ఎర్రయ్య. తల్లి తవుడమ్మ బడి గేటు దగ్గర నిలబడి ఈ సంగతి చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

శుక్రవారం భోజన విరామంలో ఇందుమతి స్టాఫ్‌రూములో క్యారేజీ విప్పి తింటూ, ఎడమచేత్తో మార్కుల రిజిస్టరు కోసం నవంబరు యూనిట్ టెస్టు పత్రాలు తిరగేస్తోంది. రత్నం పేపరు వచ్చింది. ఎనిమిదికి ఎనిమిది. ఎర్ర సిరాతో తనే 'చాలా బాగుంది' అని రాసింది. ఎవరో ఊరూపేరూ లేని జాలరి మాట్లాడే వీడియో గురించి ఆ జవాబు, రెండో సగం ఇది.

'1. చాలా ఏళ్ళు వల తాడు లాగినవారి పిడికిలి పూర్తిగా మూసుకోదు. చివరి రెండు వేళ్ళు బయటికి ఉంటాయి. మా అయ్యకు అంతే. 2. మా అయ్య సిగ్గుపడే మాట చెప్పేటప్పుడు ఎదుటివారిని చూడడు. కాలి బొటనవేలితో ఇసుకలో గీస్తాడు. 3. కోపం వస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. 4. ప్రమాణం అనడు. గంగమ్మ సాచ్చి అంటాడు. ఈ మార్పులు చేస్తే నమ్మదగినదిగా ఉండేది.'

ఇందుమతి ఫోను తీసి వీడియో పెట్టింది. బొటనవేలు. తగ్గిన గొంతు. గంగమ్మ సాచ్చి. మోకాలి మీద పెట్టిన పిడికిట్లోంచి బయటికొచ్చిన రెండు వేళ్ళు.

చేతిలో ముద్దని క్యారేజీలోకి విసిరికొట్టింది. పక్క టేబులు దగ్గర తెలుగు మాస్టారు ఉలిక్కిపడి చూశారు. ఆవిడ పత్రాల కట్టంతా సంచిలో కుక్కుకుని, శనివారానికి సెలవు చీటీ రాసిపెట్టి వెళ్ళిపోయింది.

ల్యాబు విశాఖపట్నంలో కొండవాలు మీద అద్దాల మేడ. పట్టీని కనిపెట్టిన నిరంజన్ అక్కడే ఉంటాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మొదటి ఏడాది గవ్వలపేట వచ్చి, నేల మీద కూర్చుని, ఒక్కో పిల్లకీ స్వయంగా పట్టీ కట్టి చూపించినవాడు. ఇందుమతిని గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"గవ్వలపేట మేడమ్! మీ పదిహేడో నంబరు పిల్ల ఎలా ఉందండి? మూడు జిల్లాల్లో అలాంటి చూపు లేదు."

"ఆ పిల్లకి పేరుంది. నూకరత్నం. వాళ్ళ నాన్న ఎర్రయ్య. తెలుసా మీకు?"

తెలియదన్నాడు. నిజంగానే తెలియనట్టుంది. ఆవిడ టేబులు మీద పేపరూ, ఫోనూ పక్కపక్కన పెట్టింది. అతను చదివాడు, చూశాడు, మళ్ళీ చదివాడు. తన తెర మీద ఏదో వెతికి తెరిచాడు. నవంబరులో పిల్లలకి వేసిన జాలరి వీడియో అది. దాని కింద సన్నని గీత, గీత మీద ఎర్ర చుక్కలు. దీపాలు వెలిగిన చోట్లు.

"ఇది మొదటిది" అన్నాడు. ఇంకోటి నొక్కాడు. ముఖం వేరు, మనిషి అదే జాలరి, ఈసారి పిడికిలి మూసుకోలేదు. చుక్కలు తగ్గాయి. ఇంకోటి. బొటనవేలు కదిలింది. ఇంకోటి. వారానికి నాలుగైదు చొప్పున పాఠం పేరుతో పిల్లల ముందు పెట్టినవన్నీ ఒకటే మనిషి, ఒక్కో ముఖంతో. నలభై ఒకటోది నొక్కేసరికి చుక్కలు లేవు. అప్పుడా జాలరికి ఎర్రయ్య ముఖం తొడిగితే సరిపోయింది.

"అబద్ధాన్ని పట్టేదీ, అబద్ధాన్ని తయారుచేసేదీ ఒకే యంత్రం మేడమ్. పిల్లలు ఎక్కడ పట్టుకున్నారో తెలిస్తే అక్కడ సరిదిద్దుకుంటుంది. పాఠాలు కష్టంగా ఉండాలి కదా, అందుకని..." అతను తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. "దాన్ని బయటివాళ్ళకి అద్దెకిస్తున్నారని తెలుసు. ప్రకటనలు తీసేవాళ్ళకి అనుకున్నాను. ఎవరికిస్తున్నారో నా టేబులు దాకా రాదండీ."

"రాదు! రాకుండా చూసుకున్నారు!" ఇందుమతి అరిచింది. అద్దాల అవతల కూర్చున్నవాళ్ళు తలలెత్తారు. "పసిపిల్ల తన తండ్రి వేళ్ళ గురించి మార్కుల కోసం రాసుకుంటే, ఆ వేళ్ళు కోసుకొచ్చి ఇంకొకడికి అతికించారు. పైగా చూపు బాగుందని మెచ్చుకుంటారా? సిగ్గులేదూ మీకు?"

అతను తల దించుకున్నాడు. వచ్చి అధికారుల ముందు ఈ మాట చెప్పమంది. ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టాననీ, నోరు విప్పితే జైలనీ అన్నాడు. పాతవీ కొత్తవీ ఆ వీడియోలైనా ఇమ్మంది. అతను తెర ఆపేశాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇందుమతి వాడిని తిట్టుకుంది, ల్యాబుని తిట్టుకుంది, పుస్తకం రాసినవాళ్ళని తిట్టుకుంది. అయినా కోపం తీరలేదు. పాయింటుకి ఒక మార్కన్నది వాళ్ళెవరూ కాదు.

ఆదివారం ఎర్రయ్య ఇంటికి వెళ్ళింది. అరుగు మీద ఎర్రయ్య చిరగని వలనే విప్పి మళ్ళీ అల్లుతున్నాడు, చేతులకి పని కావాలి కనక. ఇందుమతి అంతా చెప్పి, పేపరు చదివి వినిపించింది. రత్నం గుమ్మంలో నిలబడి వింది.

"నానే రాసినాను అయ్యా. ఎనిమిదికి ఎనిమిదొచ్చినాయి."

ఎర్రయ్య తన కుడి చెయ్యి ఎత్తి, పిడికిలి బిగించి, మూతపడని ఆ రెండు వేళ్ళనీ చూసుకున్నాడు. తర్వాత ఇందుమతి వైపు తిరిగాడు. గొంతు తగ్గింది.

"సదువు సెప్తావని పంపినాం టీచరమ్మా. మా ఇంట్లో మేమెలాగుంతామో, నానెప్పుడు సిగ్గుపడతానో, అయ్యన్నీ కాయితం మీదెట్టించి పైఊరోళ్ళకి పంపినావా? నా గుంట నన్ను సూసుకుంతే అది నాదీ దానిదీ. దానికి మార్కులెయ్యడానికి నువ్వెవురు?"

తవుడమ్మ మంచినీళ్ళిస్తే ఇందుమతి పక్కన పెట్టేసింది. బుధవారం నాడు తాను అందరి ముందూ నిలబడి చెబుతానంది.

"సెప్పు" అన్నాడు ఎర్రయ్య. వల మీంచి తల ఎత్తలేదు.

బుధవారం పదకొండింటికి మైదానంలో షామియానా కింద తొమ్మిది ఊళ్ళ జనం. వేదిక మీద పర్యావరణ అధికారి, పక్కన ఫ్యాక్టరీ లాయరు. ఇందుమతి మైకు ముందుకి వెళ్ళి, పేపరు చూపించి, నవంబరు నుంచి జరిగిందంతా చెప్పింది.

అధికారి ఓపిగ్గా విన్నాడు. "అమ్మా, ఈ పేపరు వీడియో వచ్చాక రాయించింది కాదని రుజువేమిటి?" అన్నాడు.

"నా మాటే రుజువండీ. ఇదిగో, నా సంతకం, తేదీ."

"తేదీ మీరే వేశారు కదమ్మా."

లాయరు నవ్వుతూ లేచాడు. "ఇంత చర్చ ఎందుకండీ? సర్కారు ఇచ్చిన పరికరం బడిలోనే ఉంది. కూతురికి కట్టండి. తండ్రి మాట్లాడతాడు. నిజమో కాదో అందరమూ చూద్దాం."

"వీల్లేదు!" అంది ఇందుమతి. "అది పిల్ల. పరికరం కాదు."

"కడతాను టీచర్" అంది రత్నం. వారం నుంచి తండ్రి మొహం చూడని పిల్ల, లోపలికి పరుగెత్తి పట్టీ తెచ్చి తనే కట్టుకుని, వేదిక ముందు నిలబడింది. తండ్రిని గెలిపించడానికే కట్టుకుంది. వేరే ఆలోచనేమీ లేదు దానికి.

ఎర్రయ్య మైకు ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకి చెప్పులు. అధికారుల ముందు నిలబడ్డ మనిషి కనక చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. "అయ్యా, నాను... ఆ మాటలు నానన్నవి కాదండి" అన్నాడు, మైకు అలవాటులేక బాగా గట్టిగా.

రత్నం నుదుటి మీద ఎర్రదీపం వెలిగింది.

జనంలో గగ్గోలు పుట్టింది. ఇందుమతికి మాత్రం అర్థమైంది. నలభై ఒక్కసార్లు ఆ పిల్లకి తండ్రిని చెక్కి చెక్కి చూపించారు. వేళ్ళు సరిగ్గా ఆ రెండే, బొటనవేలు సరిగ్గా ఇసుకలోనే. ఇప్పుడు చెప్పులేసుకుని, చేతులు దాచుకుని, భయపడి అరుస్తున్న అసలు మనిషి దాని కంటికి తేడాగా కనబడ్డాడు. ఆ పిల్ల అనుమానించలేదు. దాని చూపుని పాడుచేసి పెట్టారు.

రత్నం నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి వెలుగు చూసి, "నేదు... నేదయ్యా..." అంది. లాయరు కూర్చున్నాడు. అధికారి ఏదో రాసుకోబోయాడు.

ఎర్రయ్య మైకు వదిలేసి కూతురి దగ్గరకొచ్చాడు.

"ఎలగనీయే. డౌటొత్తే అడుగు. ఆ వీడియోలో ఉన్నోణ్ణి అడగలేవు. నానిక్కడే ఉన్నాను గదా."

రత్నం గుక్క తిప్పుకుంది. "అయ్యా, ఆ మాటన్నావా?"

"నేదు."

"ఫ్యాక్టరీ మనిసిని కలిసినావా?"

"కలిసినాను. ఒక్కపాలి. సంఘం ఆఫీసుకొచ్చి పైపు సంగతి మాటాడినాడు. పొమ్మన్నాను."

"మరి మాకెందుకు సెప్పలేదు?"

"భయమేసింది. కలిసినానంటేనే తప్పుగా అనుకుంతారని."

దీపం వెలుగుతూనే ఉంది. రత్నం దాన్ని విప్పలేదు. అలాగే వెళ్ళి తండ్రి పక్కన నిలబడింది. మూడో వరసలోంచి సూరాడ అప్పన్న కర్ర ఊతంతో లేచాడు. "అయితే నానడగతాను. ఏ రోజు కలిసినావురా? పక్కన ఎవురున్నారు?" ఎర్రయ్య చెప్పాడు. ఆ ఉన్నవాడు లేచి అవునన్నాడు. ఇంకొకరు లేచారు. తర్వాత ఆడవాళ్ళు లేచారు. నిష్ఠూరాలు, తిట్లు, అనుమానాలు అన్నీ మొహం మీదే అడిగారు. చెప్పగలిగినవాటికి చెప్పాడు, తెలియనివాటికి తెల్దన్నాడు. అధికారి సమయం అయిపోయిందని రెండుసార్లు హెచ్చరించి మైకు ఆపించాడు. ఎవరూ వెళ్ళలేదు. మైకు లేకుండానే అడుగుతున్నారు.

అడగడం అలవాటైపోయాక, అడగవలసినవాళ్ళు ఇంకెవరున్నారా అని జనం చుట్టూ చూశారు. రత్నం ఇందుమతి వైపు తిరిగింది.

"టీచర్, అయ్య సెప్పేడు. మీరూ సెప్పండి. తప్పులు పట్టడం నేర్పేరు, సరే. ఆటిని ఎలా సరిదిద్దాలో మాసేత ఎందుకు రాయించేరు?"

ప్రభుత్వం పెట్టిందనవచ్చు. పుస్తకంలో ఉందనవచ్చు. ల్యాబువాళ్ళు మోసం చేశారనవచ్చు. మూడూ నిజాలే. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, ఆవిడ నోటివంక చూస్తున్నారు. వారం నుంచి ఇందుమతి కోపం ఎవరెవరి చుట్టూనో తిరిగి తిరిగి, చివరికి వచ్చి తన గుమ్మంలోనే నిలబడింది.

"మార్కుల కోసం" అంది.

వెనక వరసలవాళ్ళకి వినబడలేదు. ఏటన్నాది, గట్టిగా సెప్పమనండి అని కేకలేశారు. ఇందుమతి బెంచీ ఎక్కి నిలబడి, గట్టిగా చెప్పింది.